తడి రాయికి ఇచ్చిన మాట

మొన్న ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మద్దిలపాలెంలో భీమిలి బస్సెక్కాను. నా ముందు సీట్లో కూర్చున్న ముసలామె కాళ్ళ దగ్గర ఒక గోనెసంచి ఉంది. హనుమంతవాక మలుపులో బస్సు ఒరిగినప్పుడు సంచిలోవి ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. కండక్టరు వంగి చూశాడు.

"ఏటి మామ్మా, రాళ్ళు గానీ మోసుకెల్తన్నావా?"

"టిక్కెట్టు డబ్బులిచ్చినాను గదా, సంచితో నీకేటి పని? కొబ్బరికాయలు."

బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వి కిటికీ వైపు తిరిగాను. ఈ దారిలోనే, ఇలాంటి ప్రశ్నకే, "అవును నాయనా, రాళ్ళే" అని జవాబు చెప్పే ఒకావిడ నాకు తెలుసు. ఆవిడ పోయి నెల దాటింది. ఆ రోజు ఆవిడ జ్ఞాపకార్థం వాళ్ళ చర్చిలో ప్రార్థన ఉంది. నేను వెళ్తున్నది అక్కడికే.

ఆవిడ పేరు రాయడం లేదు. అచ్చులో తన పేరు కనబడితే ఇబ్బంది పడే మనిషి. కాలేజీలో అందరం మేడం అనేవాళ్ళం. ఇక్కడా అలాగే అంటాను.

తొంభైల మధ్యలో నేను మధురవాడ వైపున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరాను. మేడం సివిల్ పిల్లలకు జియాలజీ చెప్పేవారు. గదులు చాలక మా ఇద్దరి లాబులకూ ఒకటే గది ఇచ్చారు. కిటికీ వైపు సగం నా లోలకాలు, కటకాలు. తలుపు వైపు సగం ఆవిడ రాళ్ళు. వాటిలో ఎక్కువ భాగం సున్నపురాయి. మా జిల్లా కొండల రాయి వేరు, సున్నపురాయి మాకు బయటి నుంచే రావాలి. ఇనప ఖనిజం కరిగేటప్పుడు అందులోని మలినాలను లాగేసుకోవడానికి స్టీల్‌ప్లాంటుకు వ్యాగన్లలో వస్తుంది. ఇళ్ళకు కడప నుంచీ పల్నాడు నుంచీ లారీల్లో పలకలుగా వస్తుంది. వంటింటి గట్టుకీ అటకలకీ వేసుకునే నల్లబండ కూడా సున్నపురాయే అని చెబితే మొదటి రోజు పిల్లలు నమ్మేవాళ్ళు కాదు. సున్నం తెల్లగా కదా ఉండాలి, అనేవాళ్ళు. స్టీల్‌ప్లాంటు క్వార్టర్ల నుంచి వచ్చే కుర్రాళ్ళు రైలుపట్టాల పక్కన దొరికిన ముక్కలు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టేవాళ్ళు, పూలు పెట్టినట్టు.

ఆ ముక్కల్ని ఆవిడ చేతిసంచిలో వేసుకుని భీమిలి తీసుకెళ్ళేవారు. అక్కడ ఆవిడ తమ్ముడికి నాపబండలు అమ్మే డిపో ఉంది, కోత మిషను ఉంది. రెండు వైపులా సమంగా కోయించి మర్నాడు మళ్ళీ బస్సులో తెచ్చేవారు. సంచి ఒళ్ళోనే పెట్టుకునేవారు. ఒకసారి నేను పక్కనుండగా కండక్టరు, "మేడం, రాళ్ళకి కూడా టిక్కెట్టు తియ్యాల" అన్నాడు.

"వీటి వయసు కోట్ల ఏళ్ళు బాబూ. ముసలోళ్ళకి సగం టిక్కెట్టు లేదేటి?" అన్నారు మేడం. కండక్టరు నవ్వలేదు, ఆలోచించాడు. ఆవిడ ముఖంలో హాస్యం కనబడదు. అదే చిక్కు.

ఆవిడ పని రాళ్ళలోంచి శబ్దం పంపడం. బల్ల మీద చేతిపెట్టె అంత యంత్రం ఒకటి ఉండేది. దానికి రెండు తీగలు. తీగల చివర అరచేతిలో పట్టేంత రెండు లోహపు బిళ్ళలు. ఒక బిళ్ళ రాయి ఈ కొసన, ఇంకొకటి ఆ కొసన ఆనించాలి. మొదటిది మన చెవికి వినిపించనంత సన్నటి శబ్దాన్ని రాయిలోకి వదులుతుంది, రెండోది అందుకుంటుంది. దాటడానికి పట్టిన కాలం పెట్టె మీద కనబడుతుంది, సెకనులో పదిలక్షలో వంతుల లెక్కన. రాయి పొడవును ఆ కాలంతో భాగిస్తే వేగం. మంచి చిక్కటి సున్నపురాయిలో శబ్దం సెకనుకు అయిదారు కిలోమీటర్లు పోతుంది. గాలిలో కిలోమీటరులో మూడో వంతే. అందుకే రాయి లోపల గాలి ఉన్న చోటల్లా, అంటే సన్న రంధ్రాలూ పగుళ్ళూ ఉన్న చోటల్లా, శబ్దం వెనకబడుతుంది, లేదా చుట్టు తిరిగి వస్తుంది. పైకి నున్నగా మెరిసే బండ లోపల ఎలా ఉందో, ఎంత గట్టిదో, ఎంత బరువు మోయగలదో, దాన్ని పగలగొట్టకుండా అంచనా వేయడానికి అదొక దారి.

బిళ్ళకీ రాయికీ మధ్య కాగితమంత గాలి ఉన్నా లెక్క తప్పుతుంది. అందుకని వాసలైన్ రాసేవాళ్ళం. కొత్త పిల్లలు బిళ్ళను బలంగా అదిమేవాళ్ళు. "నొక్కొద్దమ్మా, ఆనించు" అనేవారు మేడం. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు వినేవాణ్ణో. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడేవి. అవి నిలబడేదాకా ఆవిడ ఊపిరి బిగబట్టేవారని చాలా రోజులకు గమనించాను.

ఒక విద్యార్థి తన రికార్డులో 'రాయి మనతో మాట్లాడుతుంది' అని రాశాడు. ఆవిడ ఎర్రసిరాతో కొట్టేశారు. "రాయి మాట్లాడదు. మనం కదిలిస్తే కదులుతుంది, అంతే. మిగతాది మనమే చెప్పాలి, తప్పు చెబితే అది మన తప్పు" అన్నారు. అలా అన్నావిడే, గదిలో ఎవరూ లేరనుకున్నప్పుడు, బల్ల మీద దొర్లబోయే ముక్కతో "కదలకమ్మా, ఒక్క నిమిషం" అనడం నేను విన్నాను.

ఆవిడకి ఒక నియమం ఉండేది. ఏ రాయినీ వచ్చినరోజు కొలవకూడదు. ఒక రోజంతా ఓవెన్‌లో ఆరబెట్టి, చల్లారాక కొలవాలి. మా పిల్లలకు అది పెద్ద విసుగు. ఒక మధ్యాహ్నం మేడం తన అన్నం డబ్బా వెచ్చబెట్టుకోవడానికి ఆ ఓవెన్ మీదే పెట్టి క్లాసుకి వెళ్ళిపోయారు. అందులో ఎండుచేపల కూర. తిరిగొచ్చేసరికి గది, గదిలోని రాళ్ళు, నా కటకాలతో సహా నీసు వాసన. ఒక కుర్రాడు తలుపులోంచి, "మేడం, ఈరోజు సున్నపురాయి పులుసా?" అన్నాడు. "కూకో, నీకూ ఓ ముద్ద ఎడతాను" అన్నారు మేడం. భీమిలి మాట ఆవిడ నోట కాలేజీలో వినబడటం అరుదు. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఇక తమ్ముడి సంగతి.

వాళ్ళ నాన్న తొందరగా పోతే తమ్ముణ్ణి చదివించిందీ పెంచిందీ మేడమే. చదువు అబ్బలేదు. రొయ్యపిల్లల వ్యాపారం పెట్టాడు, తెగులొచ్చి పోయింది. ఐసు అమ్మాడు. సైకిళ్ళు అద్దెకిచ్చాడు. చివరికి ఈ నాపబండల డిపో. భీమిలిలో అతన్ని 'ఏడాదికో బోర్డు' అనేవాళ్ళు. డిపోలో బండలు దించే కూలీ ఒకతను నా ముందే అన్నాడు, "మా బాబు కొట్టు మార్సినంత జోరుగా నాను లుంగీ మార్సను సార్" అని. తమ్ముడూ నవ్వాడు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

వాళ్ళ వీధి చివర ఉన్న చిన్న చర్చిలో, పాటలు పాడే పిల్లలు కూర్చోవడానికి పైన బాల్కనీలాంటి అరుగు ఒకటి కడుతున్నారు. దాని మీదకి మెట్లు కావాలి. చోటు తక్కువ, అందుకని ఒక్కొక్క బండనీ ఒక కొస గోడలోకి దిగేసి, రెండో కొస గాలిలో వదిలేసే మెట్లు. రాళ్ళు నేను ఇస్తాను అని తమ్ముడు ముందుకొచ్చాడు. చిన్నప్పటి నుంచి తనని చూస్తున్న మనుషుల ముందు, తన పేరు మీద నిలబడే పని ఒక్కటైనా చెయ్యాలని అతని ఆశ. సంఘ పెద్దల్లో కొందరు గొణిగారు. "మా అప్ప మిషనెట్టి సూత్తాది. అప్పుడు నమ్ముతారా?" అన్నాడట. అక్కని అతను అప్ప అనేవాడు.

ఆ వానాకాలంలో ఒక శనివారం తన బండల నుంచి కోసిన ముక్కలు తీసుకుని తమ్ముడు తనే లాబుకి వచ్చాడు. వాన కురుస్తోంది. ముక్కలు తడి, అతని చెప్పులు తడి. యంత్రం ముందు చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. మేడం ముక్కల్ని ఓవెన్ వైపు తీసుకెళ్ళబోయి, అతని ముఖం చూసి ఆగిపోయారు. తడి తుడిచి, వాసలైన్ రాసి, కొలిచారు. అంకె చాలా బాగా వచ్చింది. రెండోదీ బాగుంది. మూడోదీ.

"బాగున్నాది రా" అన్నారు. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. అతను టీ తాగకుండానే బస్సుకి పరుగెత్తాడు. మర్నాడు చర్చిలో లేచి నిలబడి చెప్పాడని తర్వాత తెలిసింది.

అతను వెళ్ళాక ఆవిడ ఆ ముక్కల్ని అలవాటు ప్రకారం ఓవెన్‌లో పెట్టారు. సోమవారం రికార్డులో రాయడానికి మళ్ళీ కొలిచారు. శబ్దం ఆలస్యంగా వచ్చింది. బిళ్ళలు తుడిచి మళ్ళీ చూశారు. యంత్రం తప్పేమోనని దానితోపాటు వచ్చిన ఇనప కడ్డీని పెట్టి చూశారు. కడ్డీకి రావలసిన అంకె సరిగ్గా వచ్చింది. రాళ్ళను అడ్డంగా, నిలువుగా, పొడుగునా చూశారు. పొడుగునా చూసినప్పుడే ఎక్కువ తేడా. అంటే బండకి అడ్డంగా, కంటికి కనబడని సన్నటి పగుళ్ళున్నాయి. శనివారం వాటినిండా వాననీళ్ళున్నాయి. నీళ్ళు శబ్దాన్ని దాటిస్తాయి. ఇప్పుడు అక్కడ గాలి ఉంది.

మేడం స్టూలు మీద కూర్చున్నారు. టీ చల్లారిపోయింది.

"మాస్టారూ, నేను వాడికి ముందే చెప్పేశాను" అన్నారు. కాసేపటికి, "రేపు నాతో భీమిలి వస్తారా? మీరుంటే వాడు అరవడు" అన్నారు.

వెళ్ళాను. డిపోలో తమ్ముడు ఎదురొచ్చాడు. "అప్పా! మాస్టార్ని కూడా తీసుకొచ్చినావేటి? కూకోండి సార్, టీ సెప్తాను."

"టీ తరవాత. మెట్లు గోడలో దిగేసినారా?"

"నేదు. వచ్చే సోమారం మేస్త్రి ఒత్తాడు. ఏం?"

"ఆపించు. ఆరినాక మల్లీ సూసినాను. రాయి బాగోనేదు."

అతను ముందు నవ్వాడు. "శనారం పాసైన రాయి మంగళారం ఫెయిలైపోద్దేటి? రాయనుకున్నావా, ఇంటరు కుర్రోడనుకున్నావా?"

ఆవిడ పగుళ్ళ గురించీ నీళ్ళ గురించీ చెప్పారు. అతను విన్నాడు. అర్థమైందని అతని ముఖం చూస్తే తెలిసింది. అయినా అన్నాడు, "అయితే తడిపే ఉంచుదాం."

కూలీలు నవ్వారు. మేడం నవ్వలేదు. "మెట్టు మీద పాటలు పాడే గుంటలు నిలబడతారు రా. నీళ్ళు శబ్దాన్ని దాటిత్తాయి గానీ గుంటల బరువు మొయ్యవు."

అప్పుడు అరిచాడు. నేనున్నా అరిచాడు. "అందరి ముందూ నిల్సుని సెప్పినాను! మా అప్ప పాస్ సేసింది అని సెప్పినాను! ఇప్పుడెల్లి ఏటని సెప్పమంటావు? ఈడింతే, ఏడాదికో బోర్డు అంటారు. నన్ను ఒక్కసారైనా నిలబడనివ్వవా నువ్వు?"

"నువ్వు సెప్పింది నా మాటే గదా. ఆ మాట నాను ఎనక్కి తీసుకుంటాను. నువ్వేటీ సెప్పక్కర్నేదు."

"మాట నీదే. రాళ్ళు నావి" అని అతను లోపలికి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో ఆవిడ ఒళ్ళో ఏమీ లేదు. సంచి లేకుండా ఆవిడ బస్సులో కూర్చోవడం నేను చూసింది ఆ రోజే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నారు.

ఆ ఆదివారం చర్చిలో మేడం పాస్టరుగారిని అడిగి, ప్రార్థన అయ్యాక లేచారు. నేను వెనక బెంచీలో ఉన్నాను. ఆవిడ క్లాసులో చెప్పినట్టే చెప్పారు, గొంతు పెంచలేదు. రాళ్ళను తడిగా కొలిచింది తనేనని, అలా కొలవకూడదని తమ్ముడికి తెలియదని, తనకు తెలుసని.

ముందు వరసలో ఒక పెద్దాయన, "మిషను పాడయిందేటమ్మా?" అన్నారు.

"మిషను బాగానే ఉందండి. నేనే తొందరపడ్డాను."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒకామె లేచింది. "అదంతా మాకేటి తెలుత్తాది గానీ, మా గుంటలు ఆ మెట్లు ఎక్కొచ్చా, కూడదా? అది సెప్పు."

"ఇప్పుడున్నవి ఉన్నట్టు వేస్తే ఎక్కకూడదు. అన్నీ చెడ్డవి కాకపోవచ్చు. ఒక్కొక్కటీ చూడాలి. చూసేదాకా పని ఆపండి."

తమ్ముడు చివరి పాట అవకముందే బయటికి వెళ్ళిపోవడం అందరూ చూశారు.

వానలు తగ్గాక, కాలేజీ అనుమతితో యంత్రాన్ని భీమిలి తీసుకెళ్ళాం. బిళ్ళలు పట్టుకోవడానికి ఒకరు, అంకె చదవడానికి ఒకరు కావాలి గనుక నేనూ వెళ్ళేవాణ్ణి. బండ ఓవెన్‌లో పట్టదు. రేకుల షెడ్డు కింద, గాలి ఆడేలా వాటిని నిలబెట్టి వారాల తరబడి ఆరనిచ్చాం. సెలవు రోజుల్లో ఒక్కొక్కటీ చూసేవాళ్ళం. తమ్ముడు బండను దించి బల్ల మీద పెట్టేవాడు, తీసి పక్కన పెట్టేవాడు. మేడం "బాగున్నాది" అంటే కుడివైపు, "కాదు" అంటే ఎడమవైపు. అక్కాతమ్ముళ్ళ మధ్య అన్ని రోజులూ నడిచింది ఆ రెండు మాటలే, అవీ ఆవిడవే. ఎడమవైపు దొంతర పెరిగినకొద్దీ అతను బండను పెట్టే విసురు పెరిగేది. ఆ దొంతర ఏం చెయ్యాలి అని కూలీ అడిగితే, నేల మీద ఇసుక పరిచి వెయ్యొచ్చు, కింద అంతటా ఆసరా ఉంటే పగిలిపోదు అన్నారు మేడం. "అవున్లెండి, పరుపు మీద తొంగున్నోడికి నడుం బలం ఎందుకు" అన్నాడా కూలీ. తమ్ముడు కూడా తల తిప్పుకుని నవ్వాడు.

ఒక మధ్యాహ్నం మేడం ఒక బండకి వాసలైన్ రాస్తున్నారు. నేను రెండో కొస దగ్గర బిళ్ళ పట్టుకుని ఉన్నాను. తమ్ముడు బండ అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"అప్పా, ఆగు" అన్నాడు. "దీని అడుగు ఇంకా సెమ్మగున్నాది. ఇప్పుడు సూడకు."

మేడం చెయ్యి ఆగింది. అది కొలిస్తే బాగున్నాది అనే వచ్చేదేమో. కుడివైపు ఒక బండ పెరిగేది. అతనికీ ఆ సంగతి తెలుసు.

"సరే, అటెట్టు. వచ్చే వారం సూద్దాం" అన్నారు ఆవిడ, మామూలుగా. వాసలైన్ చేతిని పాత చీరముక్కకి తుడుచుకుంటూ అవతలికి తిరిగారు. తుడవడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నారు.

చాలినన్ని మంచి బండలు కుడివైపు చేరడానికి అతను ఇంకో లారీ తెప్పించవలసి వచ్చింది. క్రిస్మస్ పాటలకు మెట్లు అందలేదు, పిల్లలు ఆ ఏడాది కిందే నిలబడి పాడారు. ఎండాకాలంలో మెట్లు లేచాయి. మొదట్లో వాటిని ఎక్కే ప్రతివాడూ వంగి వేలి కణుపుతో కొట్టి, తమ్ముడి వైపు చూసి, "ఏటి బావా, ఇయ్యాల పాసా, ఫెయిలా?" అనేవాడు. పిల్లలకు అదొక ఆట అయిపోయింది. తమ్ముడు పని ఉన్నట్టు బయటికి నడిచేవాడు. మేడం మాత్రం, "వేలితో కొడితే పైపొర సంగతే తెలుస్తుంది" అని ఎవరికీ అక్కర్లేని పాఠం చెప్పేవారు.

ఆ తర్వాత మేము ఇంకా కొన్నేళ్ళు ఒకే గదిలో పనిచేశాం. నేను వేరే కాలేజీకి మారి సీతమ్మధారలో ఇల్లు తీసుకున్నాక ఎప్పుడైనా ఫోను చేసేవారు. జబ్బు సంగతి ఫోనులో ఎప్పుడూ చెప్పలేదు. తమ్ముడే చెప్పాడు, అదీ చివర్లో.

మొన్న చర్చి గుమ్మం దగ్గర అతనే ఎదురొచ్చాడు. జుట్టు నెరిసింది. డిపో బోర్డు మాత్రం అప్పటిదే, దారిలో చూశాను. రంగు వెలిసింది. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అప్ప మిషను ఎవులు వాడతన్నారు సార్ ఇప్పుడు?"

"పిల్లలే. కాలేజీలో కొత్త మాస్టారు చెప్పారు, అది ఇంకా పనిచేస్తోందట."

"ఆరబెట్టి సూత్తన్నారా?"

నాకు తెలియదని చెప్పాను. అతను తలూపాడు. "కనుక్కోండి సార్" అన్నాడు.

ప్రార్థనలో ఆవిడ గురించి మాట్లాడినవాళ్ళు ఓర్పు గురించీ విశ్వాసం గురించీ చెప్పారు. రాళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. నన్ను అడిగారు గానీ నేను లేవలేదు. పాట మొదలవుతుందనగా పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ, చెప్పులు కింద వదిలేసి, పైకి పరుగెత్తారు. వెనకాల పాటల పుస్తకాలు మోసుకుంటూ ఒక లావుపాటి ఆయన ఎక్కాడు. తమ్ముడు మెట్ల పక్కనే గోడకి ఆనుకుని, నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. అతని వైపు ఎవరూ చూడలేదు.

ఆ మెట్లు ఎక్కే ముందు ఇప్పుడు ఎవరూ కొట్టి చూడటం లేదు.